ఊరి సమస్యపై సర్వే నివేదిక రాయడం: కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేసే విద్యార్థులకు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను సవరించినప్పటి నుంచి, రెండో సెమిస్టర్ ముగిసిన తరువాత వచ్చే వేసవిలో విద్యార్థులు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయవలసి వస్తోంది. దీనికి 180 గంటలు, 4 క్రెడిట్లు. ఊరినో వార్డునో ఎంచుకోవడం, ఇంటింటి సర్వే చేయడం, తేలిన సమస్యపై అవగాహన కార్యక్రమాలు నిర్వహించడం, చివరికి నివేదిక రాయడం అనే క్రమం విద్యార్థులందరికీ తెలిసినదే. అయితే ఏటా వచ్చే నివేదికల్లో చాలావాటిని చదువుతుంటే, సర్వే కన్నా ముందే నివేదిక పుట్టిందన్న అనుమానం కలుగుతుంది. ఒకసారి నా చేతికి వచ్చిన నివేదికలో ఊరు మెట్ట ప్రాంతంలో ఉన్నదని మొదటి పుటలో ఉండగా, పదకొండో పుటకు వచ్చేసరికి ఆ ఊరి ప్రజల ప్రధాన వృత్తి సముద్రంలో చేపల వేట అయింది. సీనియర్ల ఫైలు నుంచి ఊరి పేరు మార్చారు కానీ ఊరిని మార్చడం మరచిపోయారు. అలాంటి నివేదికకు పుటలు పెంచడం వల్ల ప్రయోజనం లేదు. చిన్న సర్వే అయినా నిజంగా చేసి, చేసినంత మేరకే రాస్తే, అందులో ఊరివారికి కూడా తెలియని సంగతి ఒకటైనా బయటపడుతుంది. అది ఎలాగో తాగునీటి సమస్యను ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను.

సమస్యను కుదించడం

"మా గ్రామంలోని సమస్యలు" అనే శీర్షికతో మొదలైన సర్వే దేనినీ తేల్చదు. విద్య, వైద్యం, రోడ్లు, మద్యం, నిరుద్యోగం, ప్లాస్టిక్ అన్నీ అందులో ఇముడుతాయి, ఒక్కొక్కదానికి రెండేసి ప్రశ్నలకు మించి దక్కవు. "తాగునీటి సమస్య" అన్నా ఇంకా విశాలమే. నీరు చాలకపోవడం వేరు, వేళకు రాకపోవడం వేరు, రుచి బాగాలేక ఆర్వో ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కోవడం వేరు. కనుక సర్వేకు వెళ్లే ముందు ఒకసారి ఊరంతా నడిచి, ట్యాంకు దగ్గర, చివరి వీధి కుళాయి దగ్గర, టీ కొట్టు దగ్గర కాసేపు కూర్చుని, సర్వేతో తేల్చదగిన ఒక్క ప్రశ్నను పట్టుకోవాలి. "ట్యాంకుకు దగ్గరగా ఉన్న వీధులకూ దూరంగా ఉన్న వీధులకూ అందే కుళాయి నీటిలో తేడా ఉన్నదా, ఉంటే ఎంత?" అన్నది అలాంటి ప్రశ్న. దానికి జవాబు అవును, కాదు, ఇంత అని చెప్పగలం.

ప్రశ్న కుదిరాక, దానికి పోల్చి చూడవలసిన కొలత ఏదో వెదకాలి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన కేంద్ర ప్రభుత్వ పథకం జల్ జీవన్ మిషన్ గ్రామీణ ప్రాంతాల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు కుళాయి ద్వారా అందాలని ప్రమాణంగా పెట్టుకుంది. మన ఉదాహరణకు ఆ సంఖ్య సరిపోతుంది. ఊరి జనాభా, ఇళ్ల సంఖ్య వంటివి గ్రామ సచివాలయంలో అడిగి, ఏ తేదీ నాటి లెక్కో కూడా రాసుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో ఊరివారీ వివరాలు దొరుకుతాయి కానీ, 2021లో జరగవలసిన లెక్కలు ఆ ఏడు జరగలేదు కనుక వాటిని నేటి సంఖ్యలుగా చూపకూడదు. "2011 నాటికి" అన్న మాట ప్రతిచోటా ఉండాలి. సచివాలయంలో చెప్పిన ఇళ్ల సంఖ్యకూ మీరు వీధుల్లో లెక్కపెట్టిన ఇళ్ల సంఖ్యకూ పొంతన కుదరకపోతే రెంటినీ రాయండి. ఒక సంఖ్యను దాచి మరొకదాన్ని చూపవలసిన అవసరం లేదు.

ప్రశ్నావళి

ప్రశ్నావళి విషయంలోనే ఎక్కువ సమయం గడపమని విద్యార్థులకు చెబుతాను, ఎందుకంటే ఇక్కడ జరిగిన తప్పును తరువాత ఏ పట్టికా సరిదిద్దలేదు. "మీకు తాగునీటి సమస్య ఉన్నదా?" అని అడిగితే దాదాపు ప్రతి ఇంటివారూ ఉన్నదనే అంటారు. చేతిలో కాగితాలు, మెడలో ఐడీ కార్డు చూసి మీరు ఏదో పథకం రాసుకోవడానికి వచ్చారనుకుంటారు. లేదన్నవారి పేరు పోతుందేమోనన్న భయం ఎవరికైనా ఉంటుంది. అదే ప్రశ్నను "నిన్న మీ కుళాయికి నీళ్లు ఎన్ని గంటలకు వచ్చాయి? ఎంతసేపు వచ్చాయి? ఎన్ని బిందెలు పట్టుకున్నారు?" అని మూడు ముక్కలుగా అడిగి చూడండి. ఇప్పుడు ఆ ఇల్లాలు అభిప్రాయం చెప్పదు, నిన్నటి ఉదయాన్ని గుర్తుచేసుకుంటుంది. "మామూలుగా ఎంత వస్తాయి?" అన్నదానికన్నా "నిన్న ఎంత వచ్చాయి?" అన్నదానికి వచ్చే జవాబు నమ్మదగినది.

బిందె కొలత కాదు గదా అని కొందరికి సందేహం రావచ్చు. నిజమే, ఇంటింటికీ బిందె మారుతుంది. అందుకే లీటరు నీళ్ల సీసా ఒకటి వెంట తీసుకువెళ్లి, ఆ ఇంట్లో ఎక్కువగా వాడే బిందెను ఒకసారి ఆ సీసాతో నింపి, ఎన్ని సీసాలు పట్టిందో ఫారంలో రాసుకోవాలి. ఎండాకాలంలో ఆ నీళ్లు పారబోయకుండా తొట్టిలో పోయమని ముందే చెప్పండి, లేకపోతే ఆ ఇంటివారు మిమ్మల్ని మళ్లీ గడప తొక్కనివ్వరు. బిందెకు 15 లీటర్లు పట్టిందని, 12 బిందెలు పట్టుకున్నారని, ఇంట్లో 5 మంది ఉన్నారని అనుకుందాం. మొత్తం 180 లీటర్లు, మనిషికి 36 లీటర్లు. 55 లీటర్ల ప్రమాణం పక్కన ఈ 36ను పెడితే, "నీటి కొరత తీవ్రంగా ఉన్నది" అన్న వాక్యం ఇక అవసరం లేదు. అయితే కుళాయికి మోటారు బిగించుకుని సంపులోకో మిద్దె మీది ట్యాంకులోకో నీరు తోడుకునే ఇళ్లలో ఈ లెక్క పనికిరాదు. వాటిని వేరుగా గుర్తించి, "కొలవలేదు" అని రాయాలి. మోటారు బిగించిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మాత్రం మరవకండి. చివరి వీధికి నీళ్లు ఎందుకు ఎక్కడం లేదో వెదికేటప్పుడు ఆ సంఖ్యే అక్కరకు వస్తుంది.

ఒకే ప్రశ్నలో రెండు సంగతులు అడగకూడదు. "నీళ్లు శుభ్రంగా, సమయానికి వస్తున్నాయా?" అన్నదానికి శుభ్రంగా వస్తాయి కానీ సమయానికి రావు అనేవారు ఏం చెప్పాలి? "పంచాయతీ నిర్లక్ష్యం వల్ల మీరు పడుతున్న ఇబ్బందులేమిటి?" అన్నది ప్రశ్న కాదు, తీర్పు. "నీరు కలుషితమా?" అన్న పుస్తకభాష కూడా వద్దు, "నీళ్లకు రంగు గానీ వాసన గానీ ఉంటోందా?" అంటే చాలు. ఆదాయం అడిగినప్పుడు ఎవరూ సరిగా చెప్పరు, చెప్పనక్కరలేదు కూడా. పొలం ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, నిరుడు ఉపాధి పనికి ఎన్ని రోజులు వెళ్లారు వంటి ప్రశ్నలు ఆ ఇంటి స్థితిని అంతకన్నా బాగా చూపుతాయి, అవి కూడా మీ ప్రధాన ప్రశ్నకు అవసరమైతేనే. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు అడగవద్దు. ఎవరైనా తామే చెప్పబోయినా రాసుకోవద్దు.

ఫారాన్ని తెలుగులోనే తయారుచేయండి. నివేదిక ఇంగ్లీషులో ఇవ్వవలసి వచ్చినా సరే, ఇంగ్లీషు ఫారం పట్టుకుని గడప దగ్గర ఒక్కొక్కరు ఒక్కో రకంగా అప్పటికప్పుడు తెలుగు చేసి అడిగితే, జట్టులో నలుగురూ నాలుగు వేర్వేరు ప్రశ్నలు అడిగినట్టే. సర్వేలో చేరని ఐదారు ఇళ్లలో ముందుగా ఫారాన్ని పరీక్షించి, జనం ఎక్కడ తడబడ్డారో చూసి దిద్దుకుని, ఆ తరువాతే ప్రతులు తీయించండి.

ఏ ఇళ్లకు వెళ్లాలి

తెలిసినవారి ఇళ్లకు వెళ్లి, కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చినచోటల్లా ఫారాలు నింపుకుని వస్తే, తేలేది ఊరి పరిస్థితి కాదు, మీ పరిచయాల పరిస్థితి. 320 ఇళ్ల ఊరిలో 40 ఇళ్లు చూడగలమనుకుంటే, 320ని 40తో భాగిస్తే 8 వస్తుంది. 1 నుంచి 8 వరకు అంకెలు చీటీలపై రాసి ఒకటి తీయండి. 3 వచ్చిందనుకుంటే 3వ ఇల్లు, 11వ ఇల్లు, 19వ ఇల్లు, ఇలా వీధుల వరుసలోనే చివరిదాకా వెళ్లాలి. ఇందుకు ముందుగా చేతితోనే ఊరి పటం గీసి ఇళ్లకు వరుస అంకెలు వేయాలి. పటం గీసేటప్పుడు ఊరికి ఎడంగా ఉన్న కాలనీలు, చెరువు గట్టు మీది గుడిసెలు జారిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. నీళ్లకు అందరికన్నా ఎక్కువ నడిచేది సాధారణంగా వాళ్లే.

ఎంపికైన ఇంటికి తాళం ఉంటే పక్కింటికి వెళ్లకండి. పక్కింట్లో మనుషులు పగలు ఇంటిపట్టున ఉన్నారంటేనే వారి జీవితం తాళం వేసిన ఇంటివారి జీవితంలాంటిది కాదని అర్థం. కూలికి వెళ్లేవారు తెల్లవారుజామునే వెళ్లి మధ్యాహ్నానికి గానీ తిరిగిరారు కనుక, పదింటికి బస్సు దిగి ఒంటిగంటకు తిరుగు బస్సు ఎక్కే జట్టుకు వారెన్నడూ కనబడరు. సాయంత్రం మళ్లీ వెళ్లాలి, మరునాడు మరోసారి వెళ్లాలి. మూడుసార్లకూ దొరకకపోతే "దొరకలేదు" అని రాసి వదిలేయాలి. ఇంకొక సంగతి ఉన్నది, దీన్ని చాలామంది గమనించరు. సోమవారం మొదటి రెండు వీధులు, మంగళవారం చివరి రెండు వీధులు అని పంచుకుంటే, ఆదివారం నీళ్లు బాగా వచ్చి సోమవారం కరెంటు పోయిందనుకోండి, మీ పట్టికలో కనిపించే తేడా వీధులది కాదు, రోజులది. కాబట్టి రోజూ ప్రతి వీధిలోనూ కొన్ని ఇళ్లు చేయాలి.

గడప దగ్గర

వెళ్లే ముందు సర్పంచికీ సచివాలయానికీ కాలేజీ లేఖ ఇవ్వండి. ఇంటికి వెళ్లాక "మేము ఫలానా కాలేజీ పిల్లలం, నీళ్ల గురించి చదువు కోసం అడుగుతున్నాం, మేము పథకం వాళ్లం కాదు, దీనివల్ల మీకు ఏదైనా వస్తుందని గానీ పోతుందని గానీ లేదు, మీ పేరు ఎక్కడా రాయం, ఇష్టం లేకపోతే చెప్పనక్కరలేదు" అని నెమ్మదిగా చెప్పి, ఒప్పుకున్న తరువాతే ఫారం తీయాలి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన జవాబులు చెప్పడం మొదలుపెడతాడు, నీళ్లు పట్టే కోడలు లోపల ఉంటుంది. "నీళ్లు ఎవరు పడతారు తాతా, వారిని ఒక్కమాట అడగొచ్చా?" అంటే సాధారణంగా ఎవరూ కాదనరు. జవాబు ఇచ్చింది ఎవరో ఫారంలో రాసే గడి ఒకటి ఉండాలి. ముఖాలు కనిపించే ఫొటోలు వద్దు; కుళాయి, బిందెల వరుస, పగిలిన పైపు ఫొటోలు చాలు. ఏ రోజు ఏం చేశారో నమోదు చేసే లాగ్ బుక్ ఆ రాత్రే రాయాలి, ఎందుకంటే వారం తరువాత రాసిన లాగ్ బుక్‌లో అన్ని రోజులూ ఒకేలా ఉంటాయి.

పట్టిక, దాని కింద వాక్యం

మన ఉదాహరణలో 40 ఇళ్లలో 3 ఇళ్లకు తాళం, ఒక ఇంటివారు ఇష్టపడలేదు, మిగిలినవి 36 అనుకుందాం. నిన్న గంటకు పైగా నీళ్లు వచ్చిన ఇళ్లు 24. అంటే 67 శాతం, మూడింట రెండు వంతులు. ఇక్కడితో ఆపి ఒక రంగుల వృత్తం గీసి "ఎక్కువ మందికి నీరు సక్రమంగా అందుతున్నది" అని రాసేవారే ఎక్కువ. కానీ మన ప్రశ్న వీధుల మధ్య తేడా గురించి. ట్యాంకుకు దగ్గరగా ఉన్న రెండు వీధుల్లో 18 ఇళ్లకు 16, దూరంగా ఉన్న రెండు వీధుల్లో 18 ఇళ్లకు 8 అని విడదీస్తే, ఒకచోట 89 శాతం, మరొకచోట 44 శాతం. 67 శాతం అన్న సంఖ్య అబద్ధం కాదు, కానీ ఆ శాతానికి సరిపోయే వీధి ఊరిలో ఒక్కటీ లేదు.

శాతం రాసిన ప్రతిచోటా దాని పక్కనే "36 ఇళ్లలో 24" అని అసలు సంఖ్య ఉండాలి. 36 ఇళ్ల సర్వేలో ఒక్క ఇల్లు అటు ఇటైతేనే దాదాపు 3 శాతం మారుతుంది కనుక 66.67 అని దశాంశాలు రాయడం లేని కచ్చితత్వాన్ని నటించడమే. ఇంత చిన్న నమూనా నుంచి 320 ఇళ్ల ఊరి గురించి చెప్పేటప్పుడు సుమారు 15 శాతం అటూ ఇటూ ఉండవచ్చని గణాంకశాస్త్రం చెబుతుంది. కనుక "గ్రామంలో 67 శాతం ఇళ్లకు" అని కాక "సర్వే చేసిన 36 ఇళ్లలో 24 ఇళ్లకు" అని రాయడం మేలు. మోటారు ఇళ్లకు లీటర్ల లెక్క లేదు కాబట్టి, లీటర్ల పట్టికలో మొత్తం 36 ఉండదు. ఎంత ఉన్నదో ఆ పట్టిక కిందే చెప్పాలి.

మన మాటల్లో "అట" అనే చిన్న మాట ఉన్నది. "మోటారు వారం రోజులు కాలిపోయి ఉన్నదట" అనగానే అది చెప్పేవారు చూసినది కాదని వినేవారికి తెలిసిపోతుంది. నివేదిక భాషలోకి వచ్చేసరికి ఆ "అట" జారిపోయి, "మోటారు వారం రోజులు పనిచేయలేదు" అన్న నిశ్చయార్థక వాక్యం మిగులుతుంది. విన్నదీ చూసినదీ ఊహించినదీ అన్నీ ఒకే క్రియలో కలిసిపోతాయి. కాబట్టి "చివరి వీధిలో ఐదు ఇళ్లవారు చెప్పారు", "పైపు పగిలి నీరు కాలువలోకి పోవడం చూశాము", "దీనికి పీడనం తగ్గడం కారణమై ఉండవచ్చు" అని మూడు రకాల వాక్యాలను మూడుగానే ఉంచాలి.

నీటి నాణ్యత దగ్గర ఈ జాగ్రత్త మరీ అవసరం. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట గుర్తించినట్టు నమోదైంది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలోనే. అందువల్లనో ఏమో, ఆ ప్రాంతాల నివేదికల్లో పరీక్ష లేకుండానే "నీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్నది" అన్న వాక్యం అలవాటుగా వచ్చేస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే నీటి వనరు లేనిచోట 1.5 దాకా అనుమతిస్తారు. ఆ కొలత ప్రయోగశాలలోనో పరీక్షా కిట్టుతోనో తేలవలసినదే. ఆర్వో ప్లాంటువారు చూపే టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే సూచిస్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. పరీక్ష చేయించలేకపోతే "నీరు ఉప్పగా ఉన్నదని 36 ఇళ్లలో ఇన్ని ఇళ్లవారు చెప్పారు" అన్న దగ్గర ఆగండి. రోగాలకు కారణాలు చెప్పడం అసలే వద్దు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్నో ఏళ్లుగా పరిశోధకులు పనిచేస్తున్నా కిడ్నీ వ్యాధికి ఇదే కారణమని ఒక్కదాన్ని తేల్చలేకపోయారు. రెండు వారాల సర్వేతో మనం తేల్చేది కాదు.

నివేదిక కూర్పు

ఊరి పరిచయం ఒక పుటకు మించనక్కరలేదు. స్థలపురాణం, జాతరలు మీ ప్రశ్నకు సంబంధం ఉంటేనే రాయాలి. సర్వే పద్ధతి మాత్రం పూర్తిగా రాయాలి. అది ఇలా ఉండవచ్చు: "గ్రామంలోని 320 ఇళ్లకు వరుస సంఖ్యలు ఇచ్చి, చీటీ ద్వారా తేలిన 3వ ఇంటి నుంచి ప్రతి 8వ ఇంటిని ఎంపిక చేశాము. ఎంపికైన 40 ఇళ్లలో 3 ఇళ్లవారు మూడుసార్లు వెళ్లినా అందుబాటులో లేరు, ఒక ఇంటివారు సమాధానం ఇవ్వడానికి అంగీకరించలేదు. మిగిలిన 36 ఇళ్లలో నీరు పట్టే వ్యక్తినే ప్రశ్నించడానికి ప్రయత్నించాము." ఈ మూడు వాక్యాలు చదివిన పరీక్షకుడికి మీరు ఊరికి వెళ్లారన్న నమ్మకం అక్కడే కుదురుతుంది. పరిమితులను దాచకుండా రాయండి. సర్వే వేసవిలో జరిగింది కనుక వానాకాలం సంగతి దీనిలో లేదన్నది ఒక పరిమితి. సారాంశాన్ని చివర రాసి ముందు పెట్టాలి.

సూచనల దగ్గరకు వచ్చేసరికి "ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి" అన్న వాక్యం చేతికి దానంతటదే వస్తుంది. దాన్ని కొట్టేయండి. ఏ ప్రభుత్వం, ఎవరు, ఏ చర్య? రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించిన 29 అంశాల్లో తాగునీరు ఒకటి. పగిలిన పైపు బాగుచేయడం, ముందు చివరి వీధులకు, ఆ తరువాత మొదటి వీధులకు వాల్వు తిప్పేలా వేళలు మార్చడం పంచాయతీ స్థాయిలో ఆలోచించదగినవి. కొత్త ట్యాంకు, కొత్త పైపులైను గ్రామీణ నీటి సరఫరా విభాగం అంచనాలు వేయవలసినవి. మీ సర్వేలో తేలిన సంఖ్యకు ముడిపడని సూచన ఎంత మంచిదైనా దానికి ఆ నివేదికలో చోటు లేదు.

నివేదిక కాలేజీకి ఇచ్చాక, పట్టికలో ముఖ్యమైన నాలుగు సంఖ్యలతో తెలుగులో ఒక్క పుట రాసి సచివాలయంలో ఇవ్వండి. గ్రామసభ ఉంటే అక్కడ చదివి వినిపించండి. ఎవరో ఒకరు లేచి "మా వీధి లెక్క తప్పు" అంటారు, అప్పుడు ఫారాలు దగ్గర ఉండాలి. వైవా (మౌఖిక పరీక్ష) అయ్యేదాకా ఆ నింపిన ఫారాలను ఇంటి సంఖ్యల వరుసలో కట్టి దాచండి, వైవాలో పరీక్షకుడు మధ్యలో నుంచి ఒక ఫారం లాగి "ఈ ఇంట్లో బిందెకు ఎన్ని సీసాలు పట్టాయి?" అని అడగవచ్చు. అది ముగిశాక, ఏ అంకె ఎవరి ఇల్లో తెలిపే పటం ప్రతిని చించేయండి.